మన పక్షాన పాడేదెవరు?

గుడిలో ముందు నిలబడి పాట ఎత్తుకునే వ్యక్తిని దేన్ని చూసి ఎంచుకోవాలి? గొంతును చూసా, జీవితాన్ని చూసా? ఈ ప్రశ్నను యూదులు మనకంటే చాలా ముందే ఎదుర్కొన్నారు.

ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాల నుండి 288 మందిని దావీదు కాలంలో దేవుని మందిరపు గానసేవకు ఏర్పరచారని బైబిల్‌ చెబుతోంది (1 దినవృత్తాంతములు 25). గురువు, శిష్యుడు అన్న తేడా లేకుండా చీట్లు వేసి వారికి వంతులు పంచారు. క్రీ.శ. 70లో రోమీయులు యెరూషలేము దేవాలయాన్ని కూల్చేశారు. దాంతో బలులు ఆగిపోయాయి, లేవీయుల గానమూ ఆగిపోయింది. సమాజ మందిరాల్లో ప్రార్థన మాత్రం మిగిలింది.

ఆ మందిరాల్లో ‘హజ్జాన్‌’ అనే పరిచారకుడు ఉండేవాడు. నజరేతులో యేసుప్రభువు గ్రంథం చదివి, చుట్టి ఇచ్చింది అలాంటి పరిచారకుని చేతికే (లూకా 4:20). కాలక్రమంలో ప్రార్థనలు పెరిగాయి. అచ్చు పుస్తకాలు లేని ఆ రోజుల్లో అవన్నీ అందరికీ కంఠతా రావు కదా! రానివారి పక్షాన ఒకరు పాడితే తక్కినవారు ‘ఆమేన్‌’ అని ఆ ప్రార్థనను తమదిగా చేసుకునేవారు. ఆ బాధ్యత హజ్జాన్‌కు దక్కింది. ప్రార్థన నడిపే వ్యక్తిని యూదులు ‘సమాజ దూత’ అని పిలుస్తారు.

వానలు పడక ఉపవాస ప్రార్థన చేసే రోజున దాన్ని ఎవరు నడపాలో యూదుల ప్రాచీన ధర్మగ్రంథం మిష్నా చెబుతుంది. అతడు పెద్దవాడై, ప్రార్థనలో అనుభవమున్నవాడై ఉండాలి. పిల్లలు గలవాడై, ఇంట్లో తిండిగింజలు లేనివాడై ఉండాలి. అలాంటివాడే మనసంతా పెట్టి ప్రార్థిస్తాడట! జహీరాబాద్‌ దగ్గరి చిరాగ్‌పల్లి వంటి మెట్ట ఊళ్లలో జొన్న, కంది విత్తి మబ్బుల వైపు చూసే రైతుకు ఈ మాటను ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

16వ శతాబ్దపు ధర్మశాస్త్రం ‘షుల్హాన్‌ అరూఖ్‌’ సమాజ దూతకు ఉండవలసిన లక్షణాలను వరుసగా చెప్పింది. పాపానికి దూరంగా ఉండడం, మంచి పేరు, వినయం, ప్రజల ఆమోదం, మధురమైన గొంతు, లేఖన పరిచయం. ఇవన్నీ ఒక్కరిలోనే దొరక్కపోతే జ్ఞానంలో, సత్క్రియల్లో మిన్న అయినవాణ్ణి ఎంచుకోమంది. దేవుణ్ణి మంచి గొంతుతో స్తుతిస్తున్నానన్న ఆనందంతో పాటను సాగదీస్తే మేలే. తన గొంతు తానే విని మురిసిపోతే అది సిగ్గుచేటని హెచ్చరించింది.

ఈ హెచ్చరికను బతికి చూపిన గాయకుడు యోసెలె రోసెన్‌బ్లాట్‌ (1882–1933). ఒక్కో ప్రదర్శనకు వెయ్యి డాలర్లు ఇస్తామని 1918లో చికాగో ఒపెరా వారు పిలిస్తే ఆయన వెళ్లలేదు. తర్వాత అప్పుల్లో మునిగి, వాటిని తీర్చడానికి వినోద వేదికలెక్కి పాడాడు. అయినా విశ్రాంతి దినాన పాడలేదు. 1927 నాటి ‘ద జాజ్‌ సింగర్‌’ చిత్రంలో మరో పాట పాడాడు గాని, పవిత్రమైన ‘కోల్‌ నిద్రే’ ప్రార్థనను పాడేందుకు ఒప్పుకోలేదు. సమాజం అప్పగించిన ప్రార్థన అమ్మకానికి పెట్టే సరుకు కాదని ఆయన ఎరుగును.

ఈ సేవకు యాజక వంశం అక్కర్లేదు, సమాజం అంగీకరిస్తే చాలు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఎఫ్రాయిము సంతతిగా చెప్పుకొనే తెలుగు యూదుల చిన్న సమాజ మందిరం ఉంది. అలాంటి చోటైనా, మహానగరమైనా నియమం ఒక్కటే.

మన చర్చిల్లో ఇప్పుడు కీబోర్డులకు, సౌండ్‌ బాక్సులకు కొదువ లేదు. మంచి గొంతున్న యువతా ఉంది. అది దేవుని వరమే. అయితే మైకు అందించేముందు ఒక్కమాట ఆలోచిద్దాం. వెనుక వరుసలో కూర్చున్న వితంతువు కన్నీరు, అప్పులవాడి దిగులు, ఎండిన చేను ఆ పాడే వ్యక్తికి తెలుసా? తెలియకపోతే అతడు ఎవరి దూత? కింద కూర్చున్న మనకూ ఒక బాధ్యత ఉంది. పాట బాగుందో లేదో తీర్పు చెప్పి ఊరుకోకుండా, మన పక్షాన పాడుతున్న ఆ ప్రార్థనకు మనసారా ‘ఆమేన్‌’ అనాలి.