ఫెర్న్ వైవిధ్యం: కొండ నడుమ భాగంపై దృష్టి అవసరం

పర్వత ప్రాంతాల్లో జీవవైవిధ్య పరిరక్షణ అనగానే మన దృష్టి శిఖరాల మీదికే పోతుంది. ఫెర్న్ మొక్కల వైవిధ్యం మాత్రం కొండ నడుమ భాగంలోనే అత్యధికం. పరిరక్షణలోనూ, వ్యవసాయ విస్తరణలోనూ ఈ భాగానికి తగిన ప్రాధాన్యం దక్కవలసి ఉంది.

నేపాల్ హిమాలయాల్లో 100 నుంచి 4,800 మీటర్ల ఎత్తు వరకు ఫెర్న్ జాతుల విస్తరణను భట్టరాయ్, వేటాస్, గ్రిట్నెస్ 2004లో విశ్లేషించారు. జాతుల సంఖ్య సుమారు 2,000 మీటర్ల వద్ద గరిష్ఠానికి చేరి, ఆపై తగ్గింది. ఒక జాతి తన కనిష్ఠ, గరిష్ఠ ఎత్తుల మధ్య అంతటా ఉన్నట్లు భావించి లెక్కించినందున నడుమ భాగంలో సంఖ్య పెరిగి కనిపించిందని ఆక్షేపించవచ్చు. అయితే కోస్టారికాలో నమూనా స్థలాల్లో నేరుగా నమోదు చేసినప్పుడు కూడా గరిష్ఠం సుమారు 1,700 మీటర్ల వద్దనే కనిపించింది.

ఇందుకు ప్రధాన కారణం తేమ. ఫెర్న్‌ల సిద్ధబీజాలు గాలిలో ఎంతో దూరం ప్రయాణించగలవు. కానీ ఫలదీకరణకు పురుషబీజాలు నీటి పొరలో ఈది స్త్రీబీజాన్ని చేరాలి. కొండ దిగువన వేడి, పొడి వాతావరణం, పైభాగాన మంచు, స్వల్పమైన పెరుగుదల కాలం వీటికి అవరోధాలు. మేఘాలు తాకే నడుమ భాగంలోని అడవుల్లో తేమ, నీడ, మితమైన ఉష్ణోగ్రత కలిసి లభిస్తాయి.

సమస్య ఏమంటే, మనుషులు కోరుకునేది కూడా ఈ భాగాన్నే. నేపాల్‌లో గ్రామాలు, మెట్ల పొలాలు నడిమి కొండల్లో విస్తారంగా ఉన్నాయి. రక్షిత ప్రాంతాలు మాత్రం ఎక్కువగా ఎత్తైన హిమాలయాల్లోనూ, దిగువ తరాయిలోనూ ఉన్నాయి. కాబట్టి ఇక్కడి ఫెర్న్‌ల భవిష్యత్తు అటవీ శాఖ కంటే రైతుల నిర్ణయాలపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. లేత నియురో ఫెర్న్ చిగుళ్లను కూరగా వండుకునే ఆ ప్రజలకు ఈ మొక్కలు అపరిచితమైనవి కావు.

మన తూర్పు కనుమలకు 2,000 మీటర్ల సూత్రాన్ని యథాతథంగా అన్వయించరాదు. ఇక్కడి అత్యున్నత శిఖరమైన జింధగడ ఎత్తే సుమారు 1,690 మీటర్లు. వాతావరణం వేడెక్కితే ఇక్కడి చల్లని, తేమగల చోట్ల పెరిగే జాతులకు పైకి తరలే అవకాశం స్వల్పం. అందువల్ల ఉన్నచోటనే తేమను, నీడను కాపాడటం అత్యవసరం.

పాడేరు ప్రాంతపు కాఫీ తోటల్లో నీడ చెట్లను దిగుబడి దృష్టితోనే కాక, తేమ దృష్టితోనూ ఎంపిక చేయాలి. గెడ్డల ఒడ్డున సహజ వృక్షాలను నరకకుండా ఉంచమని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు సూచించాలి. విద్యార్థులు తమ క్షేత్ర సర్వేల్లో జాతి పేరుతోపాటు ఎత్తు, నీడ, నేల తేమ తప్పక నమోదు చేయాలి. ఆ సమాచారం లేని జాతుల జాబితా పరిరక్షణకు గాని, రైతుకు గాని ఉపకరించదు.