రోజాలో ఆగిన చెయ్యి

భాయ్, సహెరీ నుంచి మగ్‌రిబ్ దాకా 13, 14 గంటలు సిగరెట్ ముట్టని మీరు, ఖజూర్ మింగకముందే పాన్ డబ్బాకు ఉరుకుతారు. అడిగితే "ఆదత్, వదలదు" అంటారు. నేనూ పదేండ్లు ఇదే బహానా చెప్పిన. పగలు తలబ్ లేకనా ఆగినం? అల్లాహ్ చూస్తున్నాడన్న యకీన్ ఆపింది. ఇఫ్తార్ తర్వాత ఆయన చూడడా?

ఆదిలాబాద్ అడవి తునికాకుతో కరీంనగర్‌లో బీడీలు చుట్టి అమ్మీ మమ్మల్ని సాకింది. ఆమె దగ్గు విన్నా, డబ్బీ మీద కేన్సర్ బొమ్మ చూసినా నేను మానలేదు. పొగ వాసనకు నా చిన్నబిడ్డ మొఖం తిప్పుకున్ననాడు నియ్యత్ కుదిరింది. ఆ చాంద్‌రాత్‌న డబ్బీ కొనలేదు. మొదటి మూడు నాలుగు రోజులే జులుం.

హిమ్మత్ మీకుంది, 30 రోజాలే గవాహీ. తోడు కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు. ఈ చాంద్‌రాత్‌ను దాటనియ్యకండి.