విమానం ఎక్కలేనివాళ్ల కేసు

సూరత్ రింగ్ రోడ్‌లోని ఓ టెక్స్‌టైల్ మార్కెట్లో, చీరల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తాను. జీఎస్టీ నంబరు లేకుండా వ్యాపారం చేస్తే నోటీసు సేఠ్ పేరు మీదే వస్తుంది. చీరలు మడతపెట్టే కుర్రాణ్ణో, పార్సిళ్లు కట్టే మన తెలుగువాణ్ణో ఎవరూ జైలుకు పంపరు. ఈజిప్టులో అలా పంపబోయారు.

ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ దిగిపోయిన ఏడాదే, 2011 డిసెంబరు 29న, సైనిక పాలనలో స్వచ్ఛంద సంస్థల ఆఫీసులపై దాడులు జరిగాయి. అమెరికా నుంచి ఎన్‌డీఐ, ఐఆర్ఐ, ఫ్రీడమ్ హౌస్, జర్మనీ నుంచి కోన్రాడ్ అడెనావర్ ఫౌండేషన్. పార్టీ ఎలా కట్టాలో, ఎన్నికలను ఎలా గమనించాలో నేర్పే సంస్థలివి. లైసెన్సు లేకుండా శాఖలు నడిపారని, విదేశీ డబ్బు తెచ్చారని 43 మందిపై కేసు పెట్టారు. నిజానికి ఎన్‌డీఐ, ఐఆర్ఐ రిజిస్ట్రేషన్‌కు ఏళ్ల కిందటే దరఖాస్తు పెట్టుకున్నాయి. సర్కారు అవుననలేదు, కాదనలేదు.

నిందితుల్లో అప్పటి అమెరికా రవాణా మంత్రి కొడుకు శామ్ లాహుడ్ కూడా ఉన్నాడు. ఏటా ఇచ్చే 130 కోట్ల డాలర్ల సైనిక సాయం ఆగిపోవచ్చని అమెరికా హెచ్చరించింది. 2012 మార్చి 1న, తలా 20 లక్షల ఈజిప్టు పౌండ్ల బెయిలు కట్టాక, విదేశీయులు ప్రత్యేక విమానంలో వెళ్లిపోయారు. ఆ నెలలోనే అమెరికా ఆ సాయానికీ అనుమతి ఇచ్చింది. ఈజిప్టు ఉద్యోగులు కోర్టు బోనులో మిగిలారు. ఎన్‌డీఐలో పనిచేసిన రాబర్ట్ బెకర్ అనే అమెరికన్ మాత్రం ఆ విమానం ఎక్కలేదు. సహోద్యోగులతో కలిసి అదే బోనులో నిలబడ్డాడు. ఆయనంటే నాకు గౌరవం. 2013 జూన్ 4న మొత్తం 43 మందికీ శిక్షలు పడ్డాయి. దాదాపు అందరూ నిర్దోషులని తేలడానికి 2018 డిసెంబరు దాకా పట్టింది.

విదేశీ డబ్బుకు లెక్క అడగడం తప్పు కాదు. విదేశీ విరాళాలపై మన చట్టం ఎఫ్‌సీఆర్ఏ కూడా అడుగుతుంది. 2015లో గుజరాత్ ప్రభుత్వ ఫిర్యాదుపై అమెరికా దాతృత్వ సంస్థ ఫోర్డ్ ఫౌండేషన్‌ను కేంద్రం నిఘా జాబితాలో పెడితే అమెరికా వివరణ కోరింది. మరుసటి ఏడాదే ఆ ఆంక్ష తొలగింది. ఫోర్డ్ నిధులు తీసుకున్న హక్కుల కార్యకర్త తీస్తా సెతల్వాడ్ సంస్థపై మాత్రం సీబీఐ కేసు పెట్టింది. ఇక్కడా భారం మోసింది స్థానికులే.

దరఖాస్తు పెట్టినవాడికి సర్కారు గడువులోగా జవాబివ్వాలి. ఇవ్వనప్పుడు జీతానికి పనిచేసేవాణ్ణి శిక్షించే హక్కు దానికి లేదు. మనుషుల్ని పంపిన దేశమూ తన పౌరులు ఇల్లు చేరగానే చేతులు దులుపుకోకూడదు. ఆఖరి స్థానిక ఉద్యోగి కేసు కొట్టేసేదాకా సాయం పేరుతో పెట్టిన ఒత్తిడిని సడలించకూడదు.