వృద్ధాశ్రమాలలో నిర్లక్ష్యానికి బాధ్యులెవరు?

వృద్ధాశ్రమాలలోని బాధలను గురించి తెలుగునాట చర్చ వచ్చినప్పుడల్లా అది కన్నబిడ్డల కృతఘ్నతతో మొదలై పాశ్చాత్య సంస్కృతిపై నిందతో ముగుస్తుంది. ఎక్కడైనా దౌర్జన్యం బయటపడితే ఆ నిందలో కొంత అక్కడి ఆయాకూ పంచి, ఆమెకు గుండె లేదని తీర్పు చెప్పి ఊరుకోవడం ఆనవాయితీ అయింది. వినడానికి ధర్మబద్ధంగా తోచే ఈ అభిప్రాయం నిర్లక్ష్యం ఎలా పుడుతుందో చెప్పలేదు, దాన్ని ఆపనూ లేదు.

పడక పుండునే తీసుకుంటే, అది కదలలేని మనిషి ఒంటిమీద ఒకేచోట ఒత్తిడి పడి, రక్తప్రసరణ తగ్గి, చర్మమూ దాని కింది కండా చచ్చిపోవడం వల్ల ఏర్పడే గాయం. నడుము కిందా, మడమల మీదా వేలితో నొక్కినా పోని ఎరుపుగా మొదలయ్యే ఈ పుండు పట్టించుకోకపోతే ఎముక దాకా దిగుతుంది. దీనికి నివారణగా సుమారు రెండు గంటలకొకసారి మనిషిని పక్కకు తిప్పాలంటారు. 30 మంది మంచాన ఉన్నచోట రాత్రిపూట ఒక్క ఆయానే ఉంటే, ఒక్కొక్కరిని తిప్పి డైపరు మార్చడానికి ఐదు నిమిషాలే పట్టిందనుకున్నా, ఒక చుట్టు పూర్తికావడానికి 150 నిమిషాలు కావాలి. ఆమెకు ఉన్నవి 120. ఆమె సాక్షాత్తు కరుణామూర్తి అయినా ఈ లెక్క మారదు. అప్పుడే అడ్డదారులు పుడతాయి: సాయంత్రం నుంచి మంచినీళ్లు తగ్గిస్తే డైపర్లు తక్కువ తడుస్తాయి, మతిమరుపుతో తిరిగే పెద్దాయనను పాత చీరతో కుర్చీకి కట్టేస్తే కింద పడడు, నిద్రమాత్ర వేస్తే కేకలు వినిపించవు. ఈ చివరిదానికే రసాయన నిర్బంధమని పేరు. అంటే చికిత్స కోసం కాక, సిబ్బంది సౌకర్యం కోసం మనిషిని మందుతో అణచి ఉంచడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొనే అధ్యయనాలలో సంరక్షణ సంస్థల సిబ్బందిలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు, గడచిన ఏడాదిలో ఏదో ఒక రూపంలో దౌర్జన్యం చేశామని ఒప్పుకున్నారు. ఇంతమందీ పుట్టుకతోనే క్రూరులని నమ్మడం కష్టం.

నిందకు గురయ్యే ఆ పాశ్చాత్య దేశాలలో ఒకటైన అమెరికా, 1987లోనే చట్టం చేసి, సిబ్బంది సౌకర్యం కోసం కట్టివేయడాన్నీ మత్తుమందులివ్వడాన్నీ నిషేధించి, ముందస్తు సమాచారం లేని తనిఖీలను ఏర్పరచింది. అక్కడ ఉల్లంఘనలు ఆగలేదన్నది నిజమే కాని, జరిగినది తప్పో కాదో చెప్పే కొలబద్ద ఒకటి ఉంది.

భారతదేశపు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం చూపంతా బిడ్డల మీదే ఉంది. వృద్ధులను వదిలేసి పోయినవారికి మూడు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునన్న ఆ చట్టం, ప్రైవేటు ఆశ్రమాల నమోదును మాత్రం తప్పనిసరి చేయలేదు. ఆ లోటు తీర్చడానికి, నమోదునూ కనీస ప్రమాణాలనూ నిర్దేశిస్తూ 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు, 2024లో ఆ సభతోపాటే మురిగిపోయింది. సేవాభావంతో నడిచే సంస్థలను నిలదీస్తే అవి మూతపడతాయని వాదించేవారున్నారు. దానమిచ్చిన అన్నమైనా పాచిపోతే పెట్టకూడదన్న ఇంగితం దానికి చాలిన జవాబు.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు కేంద్రం కోసం ఎదురుచూడనక్కరలేదు. మంచాన ఉన్నవారెందరు, రాత్రిపూట వారిని చూసే ఆయాలెందరు అన్న రెండు అంకెలను ప్రతి ఆశ్రమమూ గుమ్మం దగ్గర రాసిపెట్టేలా నిబంధన తేవాలి, వాటిని రాత్రిపూటే వెళ్లి తనిఖీ చేయించాలి.