బావగారి వంతు

ఈత రానివాణ్ణి పిలిచి గోదావరి లోతు చూసి రమ్మన్నట్టు, మా అక్కయ్య నన్ను పిలిచి పబ్బు చూసి రమ్మంది.

నేను తాగను. ఇది గొప్పకు చెప్పడం లేదు. చిన్నప్పుడు మా వూరి కల్లుపాక పక్కనించి బడికి వెళ్తూ ముక్కు మూసుకున్న అలవాటు ముసలితనం దాకా వచ్చింది, అంతే. అటువంటివాణ్ణి అక్కయ్యను చూసి వద్దామని లండను వెళ్ళి, అందులో వారం రోజులు పబ్బుల వెంట తిరిగాను. నవ్వకండి. కారణం వింటే మీరూ తిరిగేవారే.

మా బావగారు డాక్టరు. మనదేశాన్నించి డాక్టర్లు బారులు తీరి ఇంగ్లండు ప్రభుత్వ ఆస్పత్రులకు వెళ్ళిన రోజుల్లో, 1974లో, ఒక ట్రంకుపెట్టెతో వెళ్ళారు. చలి, చీకటి, తెలియని యాస. డ్యూటీ దిగాక తోటి డాక్టర్లు పబ్బుకు తీసుకుపోయేవారు. ఆయన ఇంగ్లీషు నేర్చింది అక్కడే, స్నేహాలు కలిసింది అక్కడే. తాగుడు అంటుకున్నదీ అక్కడే. 2018లో మానేశారు. మానేసిన రాత్రి ఏమి జరిగిందో అక్కయ్య ఇప్పటికీ చెప్పదు, నేనూ అడగను. మానడం మానడమే, మళ్ళీ చుక్క ముట్టలేదు. అయితే ఆ రోజునించి పబ్బు గడపా తొక్కలేదు. పబ్బులో కలిసే స్నేహితులు ఇంటికి రావడం ఎరగరు. క్రమంగా టెలిఫోను మోగడం మానేసింది.

ఇప్పుడాయనకు డెబ్భై అయిదో పుట్టినరోజు. గుడికి వెళదామా, హోటల్లో హాలు తీసుకుందామా అంటే ఏదీ వద్దన్నారట. పబ్బులో భోజనం చేద్దామన్నారట.

“ఒరే, నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదురా,” అంది అక్కయ్య.

బావగారు పేపరు చాటునించి, “ఏమోయ్, నేను తాగుడు మానేశాను గాని మనుషుల్ని మానేస్తానని ఒట్టు పెట్టలేదుగా!” అన్నారు.

దానికి జవాబు మా ఇద్దరి దగ్గరా లేదు. “సరే, నువ్వు చూసి రా. తాగనివాడివి, నీకైతే తెలుస్తుంది,” అని అక్కయ్య ఆ పని నా నెత్తిన పెట్టింది. నాకు ఏమి తెలుస్తుందో నాకే తెలియదు.

పబ్బంటే మన సారా దుకాణం వంటిదనుకుని బయలుదేరాను. కాదు. సగం రచ్చబండ, సగం కాఫీ హోటలు, మధ్యలో బీరు. ఒక్కడే కూచుని పేపరు చదువుకునే ముసలాయన, కుక్కను బల్లకింద పడుకోబెట్టుకున్న ఆవిడ, ఆఫీసు వదిలిన గుమాస్తాలు, అందరూ అక్కడే. ఎవరికి కావలసింది వాళ్ళు కౌంటరు దగ్గరికి వెళ్ళి తెచ్చుకోవాలి. నలుగురు కలిసి వెళితే ఒకసారి ఒకడు అందరికీ కొనాలి, తరవాత ఇంకొకడు. దాన్ని ‘రౌండు’ అంటారు. రౌండులో తన వంతు ఎగ్గొట్టినవాణ్ణి అక్కడ, మన పెళ్ళిళ్ళలో చదివింపులు చదివించకుండా భోంచేసి వెళ్ళినవాణ్ణి చూసినట్టు చూస్తారు.

తిండి మాటకు వస్తే, ఒకప్పుడు పబ్బు తిండంటే వేయించిన బంగాళాదుంప రేకులు, సీసాలో వూరేసిన కోడిగుడ్డు, మహా అయితే రొట్టే జున్నూ. ఆ కథ మార్చింది ఒక సర్కారు ఉత్తరువు. అక్కడి పబ్బుల్లో చాలా భాగం పెద్ద బీరు కంపెనీల గుత్తలో వుండేవి. రెండువేలకు మించి పబ్బులున్న కంపెనీ, మించినవాటిలో సగాన్ని తన గుత్తనించి వదలాలని 1989లో ప్రభుత్వం ఆర్డరు వేసింది. దాంతో ఎన్నో పబ్బులు చేతులు మారాయి. 1991లో మైకేల్ బెల్బెన్, డేవిడ్ ఐర్ అనే ఇద్దరు లండనులో ఫారింగ్‌డన్ రోడ్డు మీద ‘ఈగిల్’ అనే పబ్బును తీసుకున్నారు. రెస్టారెంటు పెట్టడానికి చాలినంత డబ్బులేదు. అంచేత జత కలవని కుర్చీలు, పాత పళ్ళాలు. వంటగదికి వేరే చోటు లేక పొయ్యిని కౌంటరు వెనకే పెట్టారు. ఆ పూట వంటకాలను నల్లబల్ల మీద సుద్దముక్కతో రాశారు. తాగడానికి వచ్చినవాడు తాగవచ్చు, తినేవాడు తినవచ్చు. ఇటువంటివాటికే ‘గాస్ట్రోపబ్’ అని పేరు పడింది. గాస్ట్రో అంటే గ్రీకు భాషలో పొట్ట. డబ్బులేక చేసిన ఏర్పాటును తరవాత డబ్బున్నవాళ్ళు ఫ్యాషనుగా చేసుకున్నారు. 2011 నాటికి ఆ పేరు ఎంత అరిగిపోయిందంటే, ‘గుడ్ ఫుడ్ గైడ్’ పుస్తకంవారు ఇక ఆ మాట వాడమన్నారు. మన మెయిన్ రోడ్లమీద ప్రతి బోర్డుకీ ‘అసలు సిసలు’ అని తగిలించినట్టే కాబోలు.

నేను ఆ ఈగిల్‌ను కూడా చూసి వచ్చాను. ఉడిపి దాకా వెళ్ళి కృష్ణుణ్ణి చూడకుండా వస్తామా? ఇప్పటికీ పొయ్యి అక్కడే వుంది, వంట కళ్ళముందే జరుగుతుంది. మా అక్కయ్య వాళ్ళు వుండేది నదికి దక్షిణాన. బావగారి మోకాళ్ళు అంత దూరం ఒప్పుకోవు. అంచేత ఇంటికి దగ్గరలోనే వెతకాలి.

మా మేనకోడలు తోడు వచ్చింది. మొదటి పబ్బులో అద్దాలు, బంగారు రంగు స్తంభాలు. మెనూ ఆరు పేజీలు. ప్రతి వంటకానికీ రంగుల బొమ్మ. ఇటలీ వంట, చైనా వంట, మన కోడికూర, అన్నీ వున్నాయి. ఇన్ని దేశాల వంటలు ఒక్క పొయ్యి మీద ఎలా వండుతారా అని ఆశ్చర్యపోతూ కౌంటరులో అమ్మాయిని ఒక ప్రశ్న అడిగాను. ఆ ప్రశ్న నాది కాదు. బయలుదేరేముందు బావగారు నన్ను గుమ్మంలో ఆపి, అక్కయ్యకు వినపడకుండా చెప్పింది.

“గ్లాసులోది నేను చూసుకుంటానోయ్. పళ్ళెంలోది నాకు కనపడదు,” అన్నారాయన.

నిజమే, నాకు అప్పటిదాకా తట్టలేదు. అక్కడ మాంసం కూర నల్లబీరులో వుడికిస్తారు, పైన పిండిమూత వేసి కాలుస్తారు. చేపముక్కను మన బజ్జీ పిండివంటి పిండిలో ముంచి వేయిస్తారు. ఆ పిండి కలిపేది బీరుతో. నత్తగుల్లలు ఆపిల్ సారాయిలో. గ్రేవీలో వైను. పుడ్డింగు మీద బ్రాందీ. వుడికితే పోతుంది కదా అన్నాను. “పోదు. అరగంట వుడికినా మూడోవంతు మిగులుతుందని అమెరికా వ్యవసాయశాఖవారు లెక్కకట్టారు. రెండున్నర గంటలు వుడికించినా వందకు అయిదు పాళ్ళు వుంటుంది,” అని బావగారు రోగికి చెప్పినట్టు చెప్పారు. పైగా, “ఆ కాస్త నన్నేమీ చెయ్యదేమో. కాని నాలుక గుర్తుపడుతుందోయ్. నాకు దానితోనే భయం,” అన్నారు.

అంచేత ఆ అమ్మాయిని, “మీ వంటకాల్లో దేనిలో మందు కలపరు?” అని అడిగాను. ఆమె పాపం మంచిదే. లోపలికి వెళ్ళి లావుపాటి పుస్తకం తెచ్చింది. వేరుశనగ, పాలు, గుడ్లు వంటివి పధ్నాలుగు పదార్థాలు. అవి ఏ వంటకంలో వున్నాయో అడిగినవాళ్ళకు చెప్పితీరాలని 2014నించి అక్కడ చట్టం. ఆ పధ్నాలుగింటిలో ఆల్కహాలు లేదు. “వంట ఎక్కడో చేసి పంపుతారండీ, మేము వేడిచేసి ఇస్తాం,” అంది. దండం పెట్టి బయటపడ్డాము.

రెండోది చూడముచ్చటగా వుంది. నల్లబల్ల వుంది, కాని దానిమీద రంగు పెయింటుతో శాశ్వతంగా రాశారు! రోజూ మారనిదానికి నల్లబల్ల ఎందుకండీ? తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు. బిల్లులో నూటికి పన్నెండున్నర సర్వీసు ముందే కలిపి వుంటుందట. ఇష్టం లేకపోతే తీసెయ్యమనవచ్చు, కాని ఎంతమందికి ఆ గుండె వుంటుంది? (అది పూర్తిగా పనివాళ్ళకే చెందాలని 2024 అక్టోబరునించి చట్టం వచ్చింది. కొంత నయం.) ఇక్కడి మేనేజరు నా ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పాడు. కాని చెప్పి, తల పక్కకు వంచి, “అయితే ఆయనకు వట్టి మంచినీళ్ళేనా?” అన్నాడు. మంచినీళ్ళకు లోటులేదు, లైసెన్సు వున్న చోట కుళాయినీళ్ళు అడిగితే వూరికే ఇవ్వాలని అక్కడ నిబంధన. లోటు ఆ ‘వట్టి’లో వుంది. ఆ మాట మా బావగారి చెవిన పడకూడదు. మేనకోడలు నాకంటే ముందే లేచింది.

ఇంకా మూడు నాలుగు చూశాము, వాటి సంగతి రాయడం దండగ.

వారం ఆఖరున, బస్సు తప్పిపోయి నడిచి వస్తుంటే, మలుపులో ఎర్ర ఇటికల పాత పబ్బు కనిపించింది. మధ్యాహ్నం మూడున్నర. లోపల ఇద్దరే మనుషులు, ఒక కుక్క. నల్లబల్ల మీద ఎనిమిది వంటకాలు. అందులో ఒకటి అప్పుడే ఎవరో చేత్తో చెరిపేశారు, సుద్ద మరక ఇంకా వుంది. అయిపోయిందన్నమాట. నాకు ప్రాణం లేచివచ్చింది. అయిపోతుందంటే, వండుతున్నారన్నమాటే కదా!

నా ప్రశ్న వినగానే కౌంటరు కుర్రాడు, “ఉండండి,” అని లోపలికి కేకవేశాడు. ఏప్రనుకు చేతులు తుడుచుకుంటూ ఒక నడివయసు ఆవిడ వచ్చింది. గోళ్ళనిండా బఠాణీ పొట్టు.

“నల్లబీరు మాంసం నిన్ననే వుడికింది, దానిలోంచి తియ్యలేను,” అంది వేళ్ళు మడుస్తూ. “చేపకు పిండి బీరుతో కలుపుతాను. కావాలంటే సోడాతో కలుపుతాను, అలాగే కరకరలాడుతుంది. గొర్రెమాంసం గ్రేవీలో వైను వుంది, వేరే కాస్తాను. ఆపిల్ పుడ్డింగులో ఏమీ లేదు. పక్కన పోసే సాసులో వుంది. అది మానేసి పాలమీగడ ఇస్తాను. ఎంతమంది? ఏ రోజు?”

తాగడానికి ఏముందంటే కుర్రాడు నాలుగు చెప్పాడు. ఆల్కహాలు లేదని పేరున్న బీర్లలో కూడా కొన్నిటిలో అర శాతం వుంటుందని, తన దగ్గర ఏది ఎంతో సీసా తిప్పి చూపించాడు. అల్లం బీరు మటుకు పేరుకే బీరు. కొన్ని కంపెనీలు మందు కలిపీ చేస్తాయట, తాము అమ్మేది ఆ రకం కాదన్నాడు.

ఇద్దరిలో ఎవరూ “ఎందుకు?” అని అడగలేదు. ఆ పబ్బు పేరు రాయమని మీరు అడుగుతారు. రాయను. మళ్ళీ వెళ్ళినప్పుడు నాకు కుర్చీ దొరకాలి.

పుట్టినరోజునాడు ఆరుగురం. అక్కయ్య, బావగారు, మేనకోడలు, నేను, బావగారితో ఇరవై ఏళ్ళు పనిచేసిన స్కాట్లండు సర్జనుగారు, ఒక పాత హెడ్ నర్సమ్మ. బావగారు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగారు. బీరు వాసన నాకే గుప్పున కొట్టింది. అక్కయ్య ఆయన కోటు గుండీ సరిచేస్తున్నట్టు చెయ్యి వేసింది. లోపలికి వెళ్ళాము.

చేప ఇద్దరు చెప్పారు, బావగారూ నర్సమ్మా. పళ్ళాలు వచ్చేసరికి రెండూ ఒకేలా వున్నాయి. తెచ్చిన కుర్రాడు కొత్తవాడు, పెట్టి వెళ్ళిపోయాడు. బావగారు ఫోర్కు పట్టుకుని కదలకుండా కూచున్నారు. అందరిముందు అడగడం ఆయనకు ఇష్టం లేదు. నేను అడిగితే మరీ అధ్వాన్నం. ఇంతలో పొయ్యి దగ్గరనించి ఆవిడ మెడ చాచి, “డాక్టరుగారూ, నిమ్మచెక్క వున్న పళ్ళెం మీది!” అంది, పెరుగు చాలా అని అడిగినంత మామూలుగా. నర్సమ్మ ఏమీ ఎరగనట్టు పళ్ళాలు మార్చేసింది. సర్జనుగారు ఏదో పాత ఆపరేషను కథ మొదలుపెట్టారు. బావగారు చేప విరిచారు. కరకరలాడింది.

మొదటి రౌండు సర్జనుగారు తెచ్చారు. రెండోది మేనకోడలు. గ్లాసులు ఖాళీ అవుతుండగా బావగారు బల్లమీద చెయ్యి ఆనించి లేచారు.

“ఈసారి నా వంతు.”

“నేను వెళ్తాలెండి,” అన్నాను.

“నీకు రౌండంటే ఏమిటో తెలియదులేవోయ్,” అని కర్ర తీసుకుని కౌంటరు వైపు వెళ్ళారు.

వరసగా నాలుగు బీరు పంపులు. వాటిముందు ఆయన వీపు. ఎవరో పలకరిస్తే నవ్వారు. కుర్రాడు గ్లాసులు ఒక్కొక్కటే నింపుతున్నాడు. చాలా సేపయినట్టనిపించింది. నేను సగం లేచాను. అక్కయ్య బల్లకింద నా చొక్కా పట్టుకుని లాగింది.

“కూచోరా.”

కుర్రాడు ట్రే మోసుకువస్తుంటే వెనకాల బావగారు వచ్చారు. సర్జనుగారికి అర పైంటు, నర్సమ్మకు చిన్న గ్లాసు వైను, మిగతా మాకందరికీ అల్లం బీరు. ఆయన కుర్చీలో కూలబడి మోకాలు రుద్దుకుంటూ నాతో తెలుగులో అన్నారు:

“ఆపిల్ పుడ్డింగులు ఇంక రెండే వున్నాయటోయ్. రెండూ మనకే వుంచమని చెప్పి వచ్చాను.”