సారె పట్టీలో పుస్తకం ఏది?

డోన్ వైపు పెళ్ళి కుదిరితే పట్టీ రాస్తారు. బీరువా, మంచం, పరుపు, బిందెలు, తులాల లెక్కన బంగారం. అన్నదమ్ములు వేరుపడినా పట్టీయే. చేను ఎవరికి, బోరు ఎవరికి, నాపరాళ్ళ పాలిష్ మిషన్ ఎవరికి? ఈ పట్టీలు వస్తువుల లెక్కలు మాత్రమే కావు. ఆ ఇల్లు ఎవరిని మనిషిగా లెక్కపెట్టిందో చెప్పే సాక్ష్యాలు. వాటిలో ఆడదాని పేరు మీద పుస్తకం కనబడటం ఎంత అరుదో మీ ఇంటి పట్టీ తీసి చూడండి.

పాత ఇళ్ళ జాబితాలు చూసి యజమాని ఎంత చదువరో తేల్చే చరిత్రకారులున్నారు. మంచిదే. కానీ యజమాని ఎవరు? ఇంగ్లండులో 1870, 1882 చట్టాలు వచ్చేదాకా భార్య చరాస్తి సాధారణంగా పెళ్ళితోనే భర్తదయ్యేది. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న పుస్తకం కూడా ఆయన ఖాతాలోకే పోయేది. ఆ జాబితా చూసి ‘ఆయన గ్రంథాలయం’ అనడం ఆమెను రెండోసారి దోచుకోవడమే.

మన సీమ సంగతి చూద్దాం. సి.పి. బ్రౌన్ కడపలో పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు సేకరించాడు, ప్రతులు రాయించాడు. ఆయన పేరున కడపలో గ్రంథాలయం నిలిచింది. నిలవాల్సిందే. రామాయణం రాసిన మొల్ల ఇంట్లో ఏ గ్రంథాలుండేవో చెప్పే పట్టీ మాత్రం మనకు లేదు. యజమానురాలు కాని మనిషికి జాబితా ఎవరు రాస్తారు?

కరువుసీమలో నీళ్ళకే దిక్కులేదు, పుస్తకాల గొడవేమిటని అడిగేవాళ్ళుంటారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా ఆడవాళ్ళలో చదువొచ్చినవాళ్ళు సుమారు సగమే. ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయించేది ఆ మిగతా సగం చేతే. అప్పుల పాలయ్యేది ఎవరో, చదువు కరువైంది ఎవరికో వేరుగా చెప్పాలా?

చట్టమూ ఈ చూపు నుంచి బయటపడలేదు. అప్పు కింద జప్తుకొస్తే కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారం ప్రకారం స్త్రీ వదులుకోలేని నగలు ముట్టకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతుంది. లెక్కల పుస్తకాలనూ వదిలిపెట్టింది. చదువుకునే పుస్తకాల పేరు అందులో లేదు. ఆడదానికి వంటగిన్నె, తాళిబొట్టు చాలునన్నమాట!

అయినా చేతిలో ఉన్న హక్కులను వదులుకోవద్దు. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమాన వాటా 1956 నుంచే ఉంది. పుస్తకాల బీరువా కూడా ఆ వాటాలోదే. ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతుళ్ళకు 1985 రాష్ట్ర సవరణ, దేశమంతటా కూతుళ్ళకు 2005 సవరణ పుట్టుకతో హక్కునిచ్చాయి. ‘చదివే కొడుక్కి పుస్తకాలు, పోయే పిల్లకు సారె’ అనే పంపకానికి చట్టంలో చోటు లేదు.

పెళ్ళి కానుకల జాబితా రాసి, వధూవరులు సంతకాలు చేయాలని వరకట్న నిషేధ చట్టం కింద 1985లో నియమాలు వచ్చాయి. వస్తువు ఏమిటి, విలువెంత, ఎవరిచ్చారు అన్నీ రాయాలి. స్త్రీధనం ఆమెదేనని, భర్త దానికి కాపలాదారు మాత్రమేనని అదే ఏడాది ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తిరిగివ్వకపోతే నేరమే.

కాబట్టి జాబితా మనమే రాద్దాం. నిఘంటువు, కథల పుస్తకం, పాటల నోటుబుక్కు, పాత పత్రికల కట్ట అన్నీ ఎక్కిద్దాం. ప్రతి పుస్తకం మొదటి పేజీలో మన పేరు రాద్దాం. రాయడం రాని అక్కల పేరు పక్కన కూర్చుని రాయిద్దాం. తూకానికి అమ్మేసే ముందు ఆ ఇంటి ఆడవాళ్ళను అడగాలని పట్టుబడదాం. పట్టీలో లేని పుస్తకం పాతకాగితాల కొట్టుకు చేరుతుంది. పట్టీలో లేని మనిషి చరిత్రకే చేరదు.