పాకాల అడవి ఎవరిది?

వరంగల్లు నగరమందలి కొత్తవాడ నేతపనివారి పేట. ఇచటి మగ్గములపై తయారగు జంపఖానాలు దూరదేశములందును పేరు గడించినవి; వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఇరుకు వీథులలో, మగ్గపు చప్పుళ్ల నడుమ పెరుగు బాలబాలికలకు ఒక్క పూటయైనను చెట్టునీడ, చల్లని నీటిగాలి దొరకుట అల్పవిషయము కాదు. కావున బడి విహారయాత్ర అనగానే ఉపాధ్యాయుల తలపునకు వచ్చు పేర్లలో పాకాల ఒకటగుట సహజమే. నగరమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున, నర్సంపేట దాటిన పిమ్మట వచ్చు ఆ చెరువు, దానిని చుట్టియున్న అడవి మన విద్యార్థులకు వినోదమును, విద్యను కూడ ఈయగలవు. అయితే ఆ అడవిలో మనము అడుగుపెట్టునది యజమానులుగనా, అతిథులుగనా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనకుండ చేయు యాత్ర ఉత్త తిరుగుడే యగును.

మొదట చరిత్రను చూతము. పాకాల చెరువు తనంత తానుగా ఏర్పడిన సరస్సు కాదు. కాకతి గణపతిదేవుని పాలనమున, 13వ శతాబ్దపు తొలిభాగమున, మంత్రి కుటుంబమునకు చెందిన జగదాల ముమ్మడి గుట్టల నడుమ పారు వాగునకు కట్ట వేయించి దీనిని నిర్మించెను. రామప్ప, లక్నవరము, ఘనపురము చెరువులును కాకతీయ యుగపు కృషి ఫలములే. గుట్టలనే సహజమైన గోడలుగా నుపయోగించుకొని, వాటి నడుమ సందును మాత్రము మట్టికట్టతో మూయుట ఆనాటి పనివారి నేర్పు. ఆ కట్ట వినోదము కొరకు వేసినది కాదు, పంట కొరకు వేసినది. ఖమ్మము మీదుగా సాగి కృష్ణలో కలియు మున్నేటికి జన్మస్థానము ఈ ప్రాంతమే.

మన పెద్దలు సప్తసంతానములని చెప్పిన వానిలో తటాకము ఒకటి, వనము ఒకటి. ఈ మాటలోని భావము గమనింపదగినది. చెరువును, తోటను వారు ఆస్తిలో చేర్చలేదు, సంతానములో చేర్చిరి. ఆస్తిని అనుభవింతురు, సంతానమును పెంతురు. పాకాలలో ఆ రెండు సంతానములును ఒక్కచోటనే యున్నవి. వానిని పెంచు భారము ఇప్పుడు మనపై నున్నది.

ఈ ప్రాంతమును 1952లో అభయారణ్యముగా ప్రకటించిరి. దాని వైశాల్యము సుమారు 860 చదరపు కిలోమీటర్లు. టేకు, మద్ది, తునికి, ఇప్ప, వెదురు మున్నగునవి ఇచటి వృక్షసంపద. దుప్పి, మనుబోతు, ఎలుగుబంటి, చిరుతపులి, నక్క, కొండచిలువ మొదలగునవి ఇచటి నివాసులు. చెరువులో మొసళ్లు కలవు. శీతకాలమున వలసపక్షులు వచ్చి వ్రాలును. 'అభయము' అను మాటను మనము నిత్యము పలుకుచున్నాము గాని, ఆ అభయ మెవరికి ఇచ్చితిమో మరచితిమి. యాత్రికునికి మృగభయము లేకుండ చేయుదుమని దాని అర్థము కాదు. ఈ హద్దు లోపల మనుష్యభయము లేకుండ బ్రతుకుమని మృగమునకు సమాజ మిచ్చిన మాట అది. ఒకనాడు అడవికి పోవుట యనగా వేటకు పోవుటయే. హైదరాబాదు చెంత నిజాము ప్రభువుల వేటస్థలమే నేడు మహావీర హరిణ వనస్థలిగా జింకలకు ఆశ్రయమైనది. తుపాకి దిగినది, మంచిదే. తుపాకి స్థానమున మరియొక భయమును మనము మోసికొని పోవుచున్నామా?

కార్తీకమాసపు వనభోజనములు మనకు తరతరముల సంప్రదాయము. ఉసిరిచెట్టు క్రింద పదిమంది కలిసి భుజించుటలో చెట్టుపట్ల కృతజ్ఞత కలదు. నేడో, విస్తరాకు పోయి ప్లాస్టిక్ పళ్లెము వచ్చినది. పాట పోయి లౌడ్‌స్పీకరు వచ్చినది. విడిచిన పళ్లెములను, సంచులను వాన చెరువులోనికి ఈడ్చును. ఉప్పు రుచికి పశువులును, జింకలును వానిని నమలును. వేడుకకై కోతికి విసరిన అరటిపండు దానికి ఉపకారము కాదు. చేతి తిండి మరగిన కోతి అడవిలో కాయలు వెదకుట మాని బాటప్రక్కన కూర్చుండును. బండ్ల క్రింద పడును. ఊరిపై పడి రైతు పంటను పాడుచేయును. అభయారణ్యమునకు ముప్పు కలుగునట్లు నిప్పు రాజేయుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. ఎండుటాకు కాలమున ఆర్పక విడిచిన పొయ్యి చాలును, పక్షిగూళ్లతో సహా ఒక గుట్ట కాలిపోవుటకు.

ఇక చలనచిత్రముల మాట. అడవి అందమును తెరపై చూపుట దోషమని మే మనము. 'గోదావరి' (2006) చిత్రము ఆ నది సొగసును ఎందరికో పరిచయము చేసినది. 'పుష్ప' (2021) చిత్రము మారేడుమిల్లి అడవులకు దేశవ్యాప్తమైన ప్రసిద్ధి తెచ్చినది. కాని ప్రసిద్ధి రెండంచుల కత్తి. థాయిలాండు దేశమందలి ఫీ ఫీ దీవులలో మాయా బే అను చిన్న తీరము కలదు. 'ది బీచ్' అను ఆంగ్లచిత్రము కొరకు 1999లో అచటి ఇసుకతిన్నెలను మార్చి కొబ్బరిచెట్లు నాటిరి. చిత్రము 2000లో విడుదలైన పిమ్మట ఆ చోటు చూడవచ్చు జనము పెరిగి పెరిగి దినమునకు వేలసంఖ్యకు చేరిరి. పగడపుదిబ్బలు దెబ్బతినినవి. తుదకు 2018లో ఆ తీరమును మూసివేసి, 2022లో మాత్రమే పరిమితులతో తెరచిరి. మనుష్యులు తొలగిన ఆ కొద్ది యేండ్లలోనే సొరచేపలు మరల తీరమునకు వచ్చినవట! చిత్రీకరణము కొన్ని వారములలో ముగియును. దాని వెనుక వచ్చు జనప్రవాహము ఏండ్ల తరబడి సాగును. ఈ సంగతిని గుర్తించియే కాబోలు, మన చట్టమునకు 2022లో చేసిన సవరణము, అభయారణ్యములో ఛాయాచిత్రణమును, చలనచిత్రణమును ప్రాణుల ఆవాసమును మార్చకుండ, వానికి హాని కలుగకుండ మాత్రమే అనుమతింపవచ్చునని చెప్పుచున్నది. యాత్రికునికి కూడ ఇంతకంటె మంచి నియమము లేదు.

ఇట్లన్నచో, 'అడవిని తాళము వేసి పెట్టుదురా? పేదవాని బిడ్డ ఎక్కడికి పోవలెను?' అని కొంద రడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పిల్లలను రావలదని మేము చెప్పము. అడవిని చూడనివాడు అడవిని కాపాడడు. అడవినే నమ్ముకొని బ్రతుకు కోయలు మొదలగువారిని, చెరువునీటితో పంట పండించు రైతులను యాత్రికులతో ఒకే గాట కట్టుటయు తగదు. అడవిలో తరతరములుగ నివసించువారి హక్కులను 2006 నాటి అటవీహక్కుల చట్టము గుర్తించినది. మేము కోరునది వరుస. మొదటి హక్కు ఆ చోటు తప్ప వేరొక ఇల్లు లేని ప్రాణులది. ఆ వెంటనే అచట బ్రతుకువారిది. ఆ తరువాత చూడవచ్చువారిది. తుదకు చిత్రము తీయవచ్చువారిది. మన యాత్రలలో ఈ వరుస తలక్రిందులగుచున్నది.

దీనిని సరిదిద్దగలవాడు ఉపాధ్యాయుడు. అందుకు పెద్ద నిధు లక్కరలేదు. బయలుదేరుటకు ముందు దినమున తరగతిలో పాకాల చరిత్రను ఒక గంట చెప్పవలెను. వంట ఇంటియొద్దనే ముగించి, మోసికొని పోయిన ప్రతి వస్తువును మరల మోసికొని రావలెను. అడవిలో ఒక అరగంట ఎవ్వరును మాటాడకుండ కూర్చుండి, విన్న కూతలను, చూచిన ఆకులను, గుర్తించిన పాదముద్రలను పుస్తకమున వ్రాసికొనవలెను. మరునాడు తరగతిలో ఆ పుస్తకములను ఒకదానితో నొకటి పోల్చినచో, నలువదిమంది పిల్లలు నలువది అడవులను చూచి వచ్చినట్లు తెలియును. తిరిగివచ్చిన కొత్తవాడ బాలుడు తన ఛాయాచిత్రమును గాక, తాను విన్న ఒక పక్షి కూతను ఇంట్లోవారికి చెప్పగలిగిననాడు ఆ యాత్ర సఫలమైనట్లు.

జగదాల ముమ్మడి కట్టించిన కట్ట ఎనిమిది వందల యేండ్లుగా నీటిని నిలుపుచున్నది. ఒక్క పూట అతిథులుగ పోవు మనము ఆ నీటిని, ఆ నీడను ఉన్నవి ఉన్నట్లు విడిచి రాలేమా?